బండికి ఏ ఇండికేటర్లు మేలు? మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి తేల్చుకోండి

పోయిన వేసవిలో మా తమ్ముడు బండికి కొత్త ఇండికేటర్లు వేయించుకుంటానంటే విజయవాడ ఆటోనగర్‌కి నేనూ వెంట వెళ్లాను. రేకుల షెడ్డు కింద షాపు, లోపలంతా నీడ. షాపు కుర్రాడు బ్యాటరీకి రెండు వైర్లు తగిలించి, బొటనవేలంత కూడా లేని ఎల్ఈడీ ఇండికేటర్ వెలిగించి చూపించాడు. కళ్లు జిగేల్‌మన్నాయి. కంపెనీ ఇండికేటర్లు పెద్దగా, చెవుల్లా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయని మావాడు ఎప్పటినుంచో అంటున్నాడు. నాలుగూ పీకించేసి చిన్నవి బిగించుకున్నాడు.

వారం తిరక్కుండానే ఎనికేపాడు దగ్గర హైవే మీద కుడివైపుకి తిరగబోతుంటే, వెనక వస్తున్న బస్సు గట్టిగా బ్రేకు కొట్టి చేతికందే దూరంలో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఇండికేటర్ వెయ్యవేంటి తమ్ముడూ, చస్తావ్!" అని అరిచాడు. మావాడు వేశాడు. ఆ పన్నెండున్నర ఎండలో అది వెలుగుతోందని ఆయనకి తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంటి ముందు బండిని ఎండలో నిలబెట్టి ఇద్దరం పరీక్ష చేశాం. ఇండికేటర్ వేసి, నేను పది అడుగులు వెనక్కి వెళ్లి చూశాను. తిన్నగా చూస్తే కనబడింది. రెండు అడుగులు పక్కకి జరిగితే సగానికి సగం తగ్గిపోయింది. ముప్పై అడుగుల దూరం నుంచి చూస్తే, అక్కడ ఏదో వెలుగుతోందని ముందే తెలుసు కాబట్టి వెతికి పట్టుకున్నాను. పక్కింటాయన బండి అదే మోడల్, కంపెనీ ఇండికేటర్లతోనే ఉంది. దాన్ని తెచ్చి పక్కన పెట్టి వెలిగిస్తే వీధి చివరి నుంచి కూడా చటుక్కున కంటబడింది. అప్పటినుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: ఇండికేటర్ మన బండి మీద ఉన్నా దాన్ని వాడుకునేది వెనకాల వచ్చేవాడు. ఎంచుకునేటప్పుడు అతని కంటితో చూడాలి.

రూల్స్ ఏం అడుగుతాయి

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 102వ నిబంధన ఈ లైట్ల గురించే. రంగు అంబర్, అంటే పసుపుకీ నారింజకీ మధ్యది. మిణికే వేగం నిమిషానికి 60 సార్లకి తగ్గకుండా, 120కి మించకుండా. ఏ లైటు ఎక్కడ, ఎంత ఎత్తులో, ఏ కోణంలో బిగించాలో మన దేశపు వాహన ప్రమాణాలు చెబుతాయి: రెండు, మూడు చక్రాల బళ్లకి ఏఐఎస్-009, కార్లకీ బస్సులకీ లారీలకీ ఏఐఎస్-008. ఇవి చాలామట్టుకు ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల దారిలోనే నడుస్తాయి కాబట్టి, అక్కడి లెక్కలు చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

ఆ లెక్కల్లో నాకు బాగా నచ్చినది కోణం సంగతి. కారు ఇండికేటర్ తిన్నగా వెనకనున్నవాడికే కనబడితే సరిపోదు. బయటివైపు 80 డిగ్రీలు, లోపలివైపు 45 డిగ్రీల వరకూ కనబడాలి. మోటారు సైకిల్‌కి లోపలివైపు 20 డిగ్రీలు చాలు, బయటివైపు మాత్రం అదే 80. అంటే దాదాపు పక్కన ఉన్నవాడికి కూడా తెలియాలి. మన రోడ్ల మీద ఎడమపక్క నుంచి దూరే స్కూటీ, కుడిపక్కన ఆనుకుని వచ్చే ఆటో ఉండేది సరిగ్గా ఆ కోణంలోనే. చిన్న ఎల్ఈడీ ఇండికేటర్లు ఎక్కువగా ఓడిపోయేది కూడా ఇక్కడే. లోపల రెండు మూడు చిప్పులు పెట్టి కాంతిని ఒకే దిక్కుకి కొట్టేలా చేస్తారు. షాపులో మనం ఎదురుగా నిలబడి చూస్తాం కాబట్టి అద్భుతంగా ఉంటుంది.

రెండోది దూరం. మోటారు సైకిల్ ముందు ఇండికేటర్లకి హెడ్‌లైటుతో ఎంత ఎడం ఉందో చూసి, దాన్నిబట్టి ఎంత కాంతి కావాలో నిర్ణయిస్తారు. కాంతి తీవ్రతని క్యాండెలాల్లో కొలుస్తారు. ఎడం 75 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే కనీసం 90 క్యాండెలాలు చాలు. 40 దాకా దగ్గరికి వస్తే 175, 20 దాకా వస్తే 250, అంతకన్నా దగ్గరైతే 400 క్యాండెలాలు ఉండాలి. కారణం మనందరికీ అనుభవమే. పెద్ద లైటు పక్కన చిన్న లైటు కంటికి ఆనదు. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త టూవీలర్లకి హెడ్‌లైటు పగలు కూడా వెలుగుతూనే ఉంటోంది. అంటే ముందు ఇండికేటర్ పగలూ రాత్రీ ఆ వెలుగుతో పోటీ పడాల్సిందే. ఆ బళ్లకి ఇండికేటర్‌ని తెచ్చి హెడ్‌లైటు డూమ్‌కి ఆనించి బిగిస్తే, ఎదురుగా వచ్చేవాడికి అది లేనట్టే.

ఇండికేటర్ల జతకి మధ్య ఖాళీ కూడా ఇంత ఉండాలని ఉంది. మోటారు సైకిల్‌కి ముందువైపు కనీసం 240 మిల్లీమీటర్లు, వెనకవైపు 180. వెనకాల నంబర్ ప్లేటు పక్కనే రెండూ ఇరికించే ఫిట్టింగులు బజారులో దొరుకుతాయి. రాత్రిపూట కాస్త దూరం నుంచి చూస్తే టెయిల్ లైటుతో కలిసిపోయి ఏ పక్కది వెలుగుతోందో తెలియదు. కుడికా ఎడమకా చెప్పలేని ఇండికేటర్ ఉండి ఏం లాభం?

బైకు, స్కూటర్ ఉన్నవాళ్లు ఏది తీసుకోవాలి

బజారులో దొరికేవి స్థూలంగా నాలుగు రకాలు. కంపెనీతో వచ్చే బల్బు ఇండికేటర్లు, కంపెనీతో వచ్చే ఎల్ఈడీవి, బయట కొనే చిన్న ఎల్ఈడీవి, ఇక పట్టీల్లా అంటించే స్ట్రిప్పులూ హ్యాండిల్ చివర పెట్టేవీ.

నా ఓటు కంపెనీతో వచ్చినవాటికే, అది బల్బైనా ఎల్ఈడీ అయినా. వాటిని ఆ బండి మీద, ఆ ఎత్తులో, ఆ కోణంలో పరీక్షించి పాస్ చేయించాకే బయటికి పంపుతారు. రెండింటిలో ఏది మేలంటే, కొత్త బండి కొనేటప్పుడు ఎల్ఈడీ ఉన్న వేరియంట్ దొరికితే తీసుకోండి. బల్బులో ఫిలమెంట్ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది, ఎల్ఈడీ స్విచ్ వేయగానే వెలుగుతుంది. ఆ తేడా వల్ల ఎల్ఈడీ మిణుకు కంటికి గట్టిగా తగులుతుంది. గతుకుల రోడ్ల మీద ఫిలమెంట్ తెగే బెడదా ఉండదు. కానీ బల్బుకి కూడా ఒక మంచి గుణం ఉంది. ఒకటి పోతే మిగిలింది గబగబా కొట్టుకుంటుంది, ఎక్కడో ఏదో పోయిందని మనకి వెంటనే తెలుస్తుంది. పది రూపాయలో ఇరవయ్యో పెట్టి ఏ ఊళ్లోనైనా మార్చుకోవచ్చు. ఎల్ఈడీ లోపల పోతే చాలాసార్లు మొత్తం లైటే మార్చాలి. పల్లెటూళ్లలో తిరిగేవాళ్లకి బల్బు బండి ఏమాత్రం తీసిపోదు.

బయట దొరికే చిన్నవి పెట్టుకోవాల్సిందేనని పట్టుబడితే, కనీసం ఈ సంగతులు చూడండి. లైటు మీద చిన్న వృత్తంలో ఇంగ్లిష్ E అక్షరం, పక్కన ఒక అంకె అచ్చు వేసి ఉందేమో చూడాలి. అది ఐక్యరాజ్యసమితి నిబంధనల ప్రకారం పాసైన గుర్తు. మోటారు సైకిల్‌వైతే ముందువాటి మీద 11, వెనకవాటి మీద 12 అని కూడా ఉంటుంది. చవక సరుకు మీద కూడా ఆ గుర్తు అచ్చేసి అమ్ముతారు కాబట్టి గుర్తొక్కటే చూసి నమ్మొద్దు, ఎండలో పెట్టి చూడాల్సిందే. కాడ మెత్తగా ఉండే రబ్బరుదైతే నెల రోజుల్లో వంగి, కాంతంతా నేలకి కొడుతుంది. పొగ రంగు అద్దం ఉన్నవి వద్దే వద్దు. నల్ల అద్దంలోంచి వచ్చే కాంతి ఎండలో నిలవదు. నీలం, తెలుపు, ఆకుపచ్చ రంగుల్లో మిణికేవి చట్టానికే విరుద్ధం. ఎదురుగా వచ్చేవాడికి వాటి అర్థమూ తెలియదు.

హ్యాండిల్ చివర పెట్టే ఇండికేటర్లు ముందు నుంచి బాగానే కనబడతాయి, ఎంతో ఎడంగా ఉంటాయి. వాటిని కంపెనీవాటికి తోడుగా పెట్టుకుంటే ఇబ్బంది లేదు. వెనకవాటిని తీసేసి వాటినే నమ్ముకుంటే మాత్రం, వెనక మనిషి కూర్చోగానే ఆ మోకాళ్లూ బ్యాగూ అడ్డొచ్చి మరుగైపోతాయి. స్ట్రిప్పుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వానాకాలం దాటవు.

ఇంకోమాట. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఐదు వేల రూపాయల జరిమానా ఉంది, ఆరు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. నాలుగు ఇండికేటర్ల కోసం అంత టెన్షన్ అక్కర్లేదు.

పాత హోల్డర్లో ఎల్ఈడీ బల్బు వేస్తే?

ఇది చాలామంది చేసే పని. పాత ఇండికేటర్ అలాగే ఉంచి, లోపల పది వాట్ల బల్బు తీసి ఎల్ఈడీ బల్బు వేస్తారు. వేయగానే రెండు తలనొప్పులు వస్తాయి.

మొదటిది, ఇండికేటర్ పిచ్చెత్తినట్టు కొట్టుకుంటుంది. ఇండికేటర్‌ని మిణికించే చిన్న డబ్బాని ఫ్లాషర్ అంటారు, అది లైట్లు ఎంత కరెంటు లాగుతున్నాయో చూసుకుని పని చేస్తుంది. ఎల్ఈడీ చాలా తక్కువ లాగుతుంది కాబట్టి బల్బు పోయిందనుకుని వేగం పెంచేస్తుంది. నిమిషానికి 120 దాటితే అది రూల్‌కీ విరుద్ధం. దీనికి షాపుల్లో, బల్బులా కరెంటు లాగే రెసిస్టర్ కలిపేస్తామంటారు. కారుకి వేసే 6 ఓమ్‌ల రెసిస్టర్ వెలిగినప్పుడల్లా పాతిక వాట్ల పైనే వేడిగా మారుస్తుంది. దాన్ని ప్లాస్టిక్‌కి టేపు చుట్టి దాచేస్తే కరిగిపోతుంది. కరెంటు ఆదా కూడా ఏమీ ఉండదు. దానికన్నా ఎల్ఈడీకి పనికొచ్చే ఫ్లాషర్ కొని మార్చుకోవడం మేలు. అప్పుడు మాత్రం ఒక లైటు పోయినా వేగం మారదు, మనకి తెలియదు. వారానికోసారి చుట్టూ తిరిగి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

కొన్ని బళ్లలో ఫ్లాషర్ మార్చాక కుడివైపు వేస్తే నాలుగూ వెలుగుతాయి. మా తమ్ముడి స్నేహితుడికి ఇలాగే అయితే మెకానిక్ రెండు రోజులు వైరింగ్ అంతా విప్పి చూశాడు. మీటరులో కుడికీ ఎడమకీ కలిపి ఒకటే చిన్న బల్బు ఉండే బళ్లలో ఇది సహజం. ఆ బల్బు గుండా కొద్దిపాటి కరెంటు అవతలి పక్కకి పారుతుంది. పాత బల్బులకి అది చాలదు, ఎల్ఈడీలు వెలగడానికి సరిపోతుంది. మీటరు బల్బు దగ్గర, కరెంటుని ఒకవైపుకే పోనిచ్చే డయోడ్లు రెండు వేయిస్తే పోతుంది. మెకానిక్‌కి ఈ మాట చెప్పండి, పని పావుగంటలో అయిపోతుంది.

రెండో తలనొప్పి దీనికన్నా పెద్దది, కానీ ఎవరూ పట్టించుకోరు. పాత ఇండికేటర్ లోపల కాంతిని తిప్పికొట్టే వెండి రంగు గిన్నె ఫిలమెంట్ ఉండే చోటుని లెక్కేసుకుని చేసింది. ఎల్ఈడీ బల్బులో చిప్పులు వేరే చోట ఉంటాయి. మధ్యలో ఒక చుక్క జిగేల్‌మని, అంచులన్నీ చీకటిగా ఉంటాయి. పసుపు అద్దం వెనక తెల్ల ఎల్ఈడీ వేస్తే రంగు పాలిపోతుంది కూడా. వేయాలనుకుంటే అంబర్ ఎల్ఈడీయే వేయండి, వేశాక పాతదాని పక్కన పెట్టి చూడండి. పాతదే మేలనిపిస్తే మొహమాటపడకుండా పాత బల్బే వేసేయండి.

అసలు చాలాసార్లు ఇవేవీ అక్కర్లేదు. ఇండికేటర్ మందంగా వెలుగుతోందంటే హోల్డర్లో తుప్పు పట్టి ఉంటుంది, లేదా ఎర్త్ సరిగా ఉండదు. ఇండికేటర్ వేసినప్పుడల్లా టెయిల్ లైటు కూడా మిణుకుమంటుంటే అది కచ్చితంగా ఎర్త్ గొడవే. బోల్టు విప్పి, గరుకు కాయితంతో రుద్ది బిగిస్తే కొత్తదానిలా వెలుగుతుంది. తెల్ల అద్దం ఉన్న ఇండికేటర్లలో బల్బుకే అంబర్ పూత ఉంటుంది. చవక బల్బులకి ఆ పూత పొరలు పొరలుగా రాలిపోయి లైటు తెల్లగా మారుతుంది. బల్బు తీసి చూస్తే గాజు మీద ఊడిన మచ్చలు కనబడతాయి. బల్బు మారిస్తే సరి.

కారు కొనేవాళ్లకి

కారు చూడ్డానికి షోరూంకి వెళ్తే ఇండికేటర్లు ఎవరూ చూడరు. నేను మాత్రం వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చూస్తాను. ఈమధ్య కొన్ని ఎస్‌యూవీల్లో వెనక ఇండికేటర్లని తీసుకెళ్లి బంపర్ అడుగున పెడుతున్నారు. నేల నుంచి 350 మిల్లీమీటర్ల పైన ఉంటే నిబంధనల ప్రకారం తప్పు లేదు. కానీ మన ట్రాఫిక్‌లో కారుకీ కారుకీ మధ్య ఒక స్కూటర్ దూరితే చాలు, అది కప్పేస్తుంది. వానాకాలం బురద ముందు పడేదీ అక్కడే. రెండు కార్లు మిగతా అన్నింటా సమానంగా నచ్చితే, ఇండికేటర్ టెయిల్ లైటు ఎత్తులో ఉన్నదే తీసుకోండి.

పక్క ఇండికేటర్లు అద్దం మీద ఉన్నవా, ముందు చక్రం పైన రేకు మీద ఉన్నవా అని అడుగుతారు. అద్దం మీదవి ఎత్తుగా, పక్కన వచ్చే బైకువాడి కంటికి సూటిగా ఉంటాయి. నాకు అవే ఇష్టం. సందుల్లో అద్దాలు మడుచుకుని నడిపే అలవాటుంటే మాత్రం అవి ఎటో చూస్తుంటాయి, గుర్తుపెట్టుకోండి.

ఇక పరుగెత్తే ఇండికేటర్లు. లోపలి నుంచి బయటికి వరసగా వెలిగేవి. చూడ్డానికి బాగుంటాయి, ఏ దిక్కుకి తిరుగుతున్నారో కూడా చెబుతాయి. ఐక్యరాజ్యసమితి నిబంధన వీటిని ఒప్పుకుంటుంది, కానీ వరస మొత్తం 200 మిల్లీ సెకన్లలో పూర్తవ్వాలి, వెలిగిన ప్రతి భాగం ఆ మిణుకు అయ్యేదాకా వెలుగుతూనే ఉండాలి అంటుంది. కంపెనీ కార్లలో ఇది పాటిస్తారు. బయట వేయించే పట్టీల్లో ఒక చుక్క అటునుంచి ఇటు తాపీగా పాకుతూ ఉంటుంది. ఒక్కో క్షణంలో వెలిగేది చిన్న ముక్కే కాబట్టి పగటిపూట అసలు కనబడదు. కంపెనీదైతే సరే అనండి, బయటిదైతే వద్దనండి.

అమెరికాలో సెకండ్ హ్యాండ్ కారు కొనే మనవాళ్లకి ఒక సంగతి. అక్కడ వెనక ఇండికేటర్ ఎర్రగా ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది. చాలా కార్లలో బ్రేకు లైటే ఇండికేటర్‌లా మిణుకుతుంది. అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ 2009లో ఇచ్చిన నివేదికలో, తిరిగేటప్పుడూ లేన్ మారేటప్పుడూ వెనక నుంచి గుద్దించుకునే ప్రమాదాలు అంబర్ ఉన్న కార్లకి 5.3 శాతం తక్కువని తేలింది. అదే ధరకి రెండూ దొరుకుతుంటే అంబర్ ఉన్న కారే తీసుకోండి. కొనే ముందు దాన్ని వెలిగించి చూడ్డానికి ఒక నిమిషం చాలు.

ఎంత మంచి లైటైనా ముందుగా వేయకపోతే ఉపయోగం లేదు. నిమిషానికి 60 సార్లు మిణికే ఇండికేటర్ ఒకసారి వెలిగి ఆరేలోపు, గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడు దాదాపు 17 మీటర్లు దాటేస్తాడు. అతను మూడు మిణుకులు చూడాలంటే యాభై మీటర్లు కావాలి. బండికి నాలుగూ ఒకేసారి వెలిగే పార్కింగ్ స్విచ్ వేయించుకునేవాళ్లు దాన్ని బండి ఆగినప్పుడే వాడాలి. వానలో నాలుగూ వేసుకుని నడిపితే, ఎటు తిరుగుతున్నామో చెప్పడానికి ఇక ఏమీ మిగలదు.

మా తమ్ముడు చివరికి పాతవే మళ్లీ బిగించుకున్నాడు. అదృష్టం కొద్దీ పారేయకుండా అటక మీద పెట్టాడు. మీరు ఏవి మార్చినా పాతవి దాచుకోండి.

ట్రాక్టర్ ట్రక్కు మాట కూడా చెప్పాలి

కోతల రోజుల్లో చీకటి పడ్డాక మన రోడ్ల మీద నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. ట్రాక్టర్‌కి ఇండికేటర్లుంటాయి. వెనక తగిలించిన ట్రక్కుకి ఉండవు, ఉన్నా వైరు తెగి వేలాడుతుంటుంది. వడ్లో గడ్డో నింపాక ట్రాక్టర్ ఇండికేటర్ వెనకవాడికి ఎలాగూ కనబడదు. ట్రక్కు చటుక్కున పొలం దారిలోకి తిరిగితే వెనక బైకు మీద వచ్చేవాడికి తప్పించుకునే దారి ఉండదు.

ఇక్కడ రెండు దారులున్నాయి. ట్రక్కుకే లైట్లు శాశ్వతంగా బిగించి ఏడు పిన్నుల సాకెట్‌తో ట్రాక్టర్‌కి కలపడం ఒకటి. తీసి పెట్టుకునే లైట్ల పట్టీ రెండోది. శాశ్వతమైనవి చూడ్డానికి బాగుంటాయి కానీ పొలంలో మట్టికీ, దించేటప్పుడు పారల దెబ్బలకీ సీజన్ తిరక్కముందే పగిలిపోతాయి. ఒకే ట్రక్కుని ఇద్దరు ముగ్గురు వాడుకునే చోట సాకెట్లూ కలవవు. అందుకే నేను తీసి పెట్టుకునేదే చేయించుకోమంటాను. ట్రక్కు వెడల్పున ఇనప పట్టీ, దానికి రెండు చివర్లా అంబర్ ఇండికేటర్లు, ఎర్ర టెయిల్ లైట్లు, ట్రాక్టర్ దాకా అందే పొడుగు వైరు. ఏ ఆటో ఎలక్ట్రీషియన్ అయినా వెల్డింగ్ షాపుతో కలిసి చేసిస్తాడు. ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు, పక్కలకి పసుపు టేపు కూడా అంటించండి. కరెంటు పోయినా వెనక హెడ్‌లైటు పడితే అవి మెరుస్తాయి.

గడ్డి వేసినప్పుడు మోపులు వెనక్కి జారి లైట్లని కప్పేస్తాయి. అప్పుడు పట్టీని ట్రక్కు నుంచి విప్పి, పైన బిగించే తాడుకే వెనకవైపు కట్టేయొచ్చు. ఆ పని పొలం గట్టు మీద, వెలుతురు ఉండగానే చేసుకుని, ఒక మనిషిని వెనక్కి పంపి కుడి, ఎడమ వెలిగించి చూపించుకున్నాకే రోడ్డెక్కండి.